పురావస్తువులకు పద్దే ప్రాణము

పురాతన వస్తువులను సంపాదించుట వేరు, వానిని సంరక్షించుట వేరు. సంపాదించుటకు ధనము చాలును, అధికారము చాలును, ఒక్కొక్కప్పుడు దొంగతనమైనను చాలును. సంరక్షించుటకు మాత్రము మూడు వలయును. ఇది మనదియను భావము మొదటిది. దీనిని దేశము దాటింపరాదను శాసనము రెండవది. ఏ వస్తువు ఎచ్చట, ఎప్పుడు దొరకినది, ఇప్పు డెచ్చట నున్నది అని తెలుపు పద్దు మూడవది. మొదటి రెండింటిని గూర్చి పెద్దలు సభలలో తరచుగా చెప్పుచుందురు. మూడవదానిని గూర్చి చెప్పువారు తక్కువ. కాని రాజ్యములు తలక్రిందులై, కాపలావారు పారిపోయి, తలుపులు విరిగిపోయిన దినమున నిలిచి సాక్ష్యము చెప్పునది ఆ మూడవదే. ఈ సంగతిని అరబ్బు దేశములు రెండువందల సంవత్సరములుగా ఎన్నో నష్టములకోర్చి తెలిసికొన్నవి. నైలునది లోయయందలి ఈజిప్టు, టైగ్రిస్ యూఫ్రటీసు నదుల నడిమి ఇరాకు, మధ్యధరా సముద్రతీరమునందలి లెబనాను, దానిని ఆనుకొనియున్న సిరియా, ఈ నాలుగు దేశముల చరిత్ర అందులకు నిదర్శనము.

ఈజిప్టు పురావస్తువులపై ఐరోపావారి దృష్టి బలముగా పడినది 1798 లో జరిగిన నెపోలియను దండయాత్రతో. మరుసటి యేడు రొసెట్టా పట్టణము చెంత కోటగోడ పని చేయించుచున్న ఫ్రెంచి సైనికులకు ఒక శాసనశిల దొరకెను. ఒకే విషయము దానిపై మూడు లిపులలో చెక్కబడియుండెను. 1801 లో ఫ్రెంచివారు ఓడిపోగా ఆ శిల ఆంగ్లేయుల వశమై, మరుసటి యేడు లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. దాని సాయముననే 1822 లో షాంపోలియను అను ఫ్రెంచి పండితుడు ఈజిప్టువారి చిత్రలిపి మర్మమును విప్పెను. లిపి తెలిసినకొలది రాళ్ళకు గిరాకి పెరిగెను. కైరోలోని విదేశ ప్రతినిధులు పోటీలుపడి త్రవ్వించి, దొరకినదానిని ఓడలకెక్కించి తమతమ రాజధానులకు అమ్మిరి.

ఈ నష్టమును మొట్టమొదట గుర్తించిన స్వదేశీయులలో రిఫాఆ అల్-తహ్తావీ ముఖ్యుడు. ఆయన పారిసు నగరమున ఐదేండ్లుండి చదివి వచ్చిన విద్వాంసుడు. 1835 లో పాలకుడు మహమ్మదాలీ పురావస్తువుల ఎగుమతిని నిషేధించి, దొరకినవానిని కైరోలో తహ్తావీ పర్యవేక్షణమున చేర్పవలెనని ఆజ్ఞాపించెను. ఆజ్ఞ మంచిదే. కాని ఆ వస్తువులు ప్రజలవిగాక పాలకుని సొంత సొత్తుగా ఎంచబడినవి. వచ్చిన ప్రతి పెద్ద అతిథికిని ఒకటి రెండు బహుమానముగా పోవుచు ఆ నిధి ఏటేట తరిగిపోయెను. మిగిలినదానిని 1855 లో ఆస్ట్రియా రాకుమారుడైన మాక్సిమిలియనునకు ఇచ్చివేసిరి. అవి నేటికిని వియన్నా నగరపు ప్రదర్శనశాలయందున్నవి. ఇరువదియేండ్ల సంపాదన ఒక్క పాలకుని ఔదార్యముతో హరించుకుపోయినది. శాసనముండియు భావము లేకున్న ఇట్లే జరుగును.

తరువాత 1858 లో ఒగూస్తు మారియెట్టు అను ఫ్రెంచివాడు పురావస్తుశాఖకు అధిపతి యయ్యెను. 1863 లో కైరో చెంత బులాకు రేవున, నైలు ఒడ్డుననే, ఒక ప్రదర్శనశాల తెరువబడెను. 1878 లో నైలునది పొంగి ఆ శాలను ముంచెను. కొన్ని వస్తువులు చెడినవి. మారియెట్టు ఏండ్లతరబడి వ్రాసికొన్న కాగితములు, చిత్రములును కొన్ని నీటిపాలైనవి. వస్తువు పోయిన దుఃఖము అందరికిని తెలియును. కాగితము పోయినందువలన ఎన్ని వస్తువులు తమ కథను కోల్పోవునో ఆ వృత్తిలోని వారికే తెలియును. పిమ్మట ఆ నిధి గిజాకు తరలి, 1902 లో కైరో నడిబొడ్డున కట్టిన మ్యూజియమునకు చేరెను. అక్కడ వస్తువులన్నింటిని వర్ణించి అంకెలువేసిన మహాజాబితా సంపుటములుగా వెలువడ సాగెను.

ఆ జాబితాపని చేసినవారిలో లుడ్విగు బోర్ఖార్టు అను జర్మను పండితు డొకడు. 1912 డిసెంబరులో అమర్నా యను చోట ఆయన త్రవ్వకములలోనే రాణి నెఫెర్టిటి శిరోవిగ్రహము బయల్పడెను. దొరకిన వస్తువులను త్రవ్వినవారును, ఈజిప్టు ప్రభుత్వమును సగపాలుగా పంచుకొను ఆచారము ఆనాడుండెను. 1913 జనవరిలో జరిగిన పంపకమున ఆ విగ్రహము జర్మనులకు పోయెను. పంపకపు పట్టికలో దాని విలువను తగ్గించి చూపిరను ఆక్షేపణము నాటినుండి నేటివరకు అణగలేదు. జాబితా వ్రాయు చేయి సత్యమునకు కట్టుబడనిచో, లేదా అట్టి అనుమానమునకు ఎడమిచ్చినచో, వంద యేండ్లైనను తగవు తీరదు.

పదేండ్లకే దీనికి విరుద్ధమైన ఉదాహరణ మేర్పడెను. 1922 నవంబరులో హోవర్డు కార్టరు టుటంఖామను సమాధిని కనుగొనెను. అయిదువేలకు మించిన వస్తువులు. ప్రతిదానికిని అంకెవేసి, చీటిలో వర్ణించి, తీయుటకు పూర్వమే ఉన్నచోటున ఫొటో తీయించి, పదియేండ్లకు పైగా ఆ పని సాగించిరి. ఈమారు పంపకమునకు ప్రభుత్వము ఒప్పుకొనలేదు. నిధి దేశముననే నిలిచెను. 1983 నాటి శాసనముతో పంపకపుటాచారమే రద్దయినది. 2025 నవంబరు 1 వ తేదీన గిజా పిరమిడ్ల చెంత తెరువబడిన మహాప్రదర్శనశాలలో ఆ నిధి యంతయు ఒకేచోట చూడనగుచున్నది.

ఆ ఎగుమతుల కాలమున ఈజిప్టు వస్తువులు ఐరోపాకే గాక మన దక్కనుకును వచ్చినవి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమున ఈజిప్టు మమ్మీ యొకటి కలదు. ఆరవ నిజాము అల్లుడు నజీర్ నవాజ్ జంగు దానిని కొని తెచ్చి ఏడవ నిజామునకు సమర్పింపగా, ఆయన మ్యూజియమునకు ఒసగెను. పరుల పూర్వుల దేహమును భద్రపరచుచున్న మనకు, మన అమరావతి శిల్పములును సముద్రము దాటి బ్రిటిషు మ్యూజియమునం దున్నవని గుర్తుండవలెను. ఇచ్చుటయు పోగొట్టుకొనుటయు రెండును మన మెరుగుదుము.

ఇరాకు కథ ఇంకను పెద్దది. 1845 లో లెయార్డు అను ఆంగ్లేయుడు మోసులు పట్టణమునకు దక్షిణమున నిమ్రూదు దిబ్బను త్రవ్వ మొదలిడెను. అస్సీరియా రాజుల కోటగుమ్మములను కాచిన రెక్కల వృషభములు, గోడల శిల్పములు బయల్పడెను. గాలిపోసిన మేకతోళ్ళు కట్టిన తెప్పలపై వానిని టైగ్రిస్ నదివెంట బాస్రాకు దింపి, కొన్నింటిని బొంబాయి రేవు మీదుగా ఇంగ్లండునకు పంపిరి. ఫ్రెంచివారును అట్లే చేసిరి. 1855 మే నెలలో వారి తెప్పలను నదిలో ఖుర్నా యొద్ద దోపిడిగాండ్రు అడ్డగించిరి. రెండువందలకు పైగా పెట్టెలు నీట మునిగెను. రెండువేల అయిదువందల యేండ్లు మట్టిలో చెక్కుచెదరకయున్న శిల్పములలో అధికభాగము ఇంతవరకు మరల దొరకలేదు.

ఆ త్రవ్వకములలో గ్రంథాలయాభిమానులు తెలిసికొనదగిన విశేష మొకటి కలదు. నినెవె నగరమున 1849 మొదలు లెయార్డును, 1853 లో మోసులు వాస్తవ్యుడైన హోర్ముజ్దు రస్సామును అసూర్బనిపాలు రాజు గ్రంథాలయమును వెలికితీసిరి. క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్ది నాటిది. పుస్తకములనగా మట్టిపలకలు, పలకలును ముక్కలును కలిపి ముప్పదివేలకు పైబడి బ్రిటిషు మ్యూజియమునం దున్నవి. గిల్గమేషు అను వీరుని మహాకావ్యము మనకు ప్రధానముగా ఈ పలకలవలననే దక్కినది. అనేక పలకల చివర ఇది ఆ రాజు సొత్తని వ్రాసియున్నది. అంతేకాదు. ఎవరియొద్దనుండి ఏ గ్రంథములు ఎన్ని వచ్చి చేరినవో వ్రాసిన జాబితాలును దొరకినవి. క్రీస్తు పూర్వము 647 ప్రాంతముననే ఒక గ్రంథాలయమునకు చేరిక పుస్తకము వంటి దున్నదన్నమాట! కాని ఆ పలకలను త్రవ్వినవారు ఆ రాజునకున్నపాటి లెక్క పాటింపలేదు. వేరువేరు భవనములలో దొరకినవి పెట్టెలలో కలగాపులగమై లండను చేరెను. ఏ పలక ఏ గదిలోనిదో తేల్చుటకు పండితులు నేటికిని శ్రమించుచున్నారు.

మొదటి ప్రపంచయుద్ధానంతరము ఇరాకు రాజ్యమేర్పడగా గెర్ట్రూడు బెల్లు అను ఆంగ్లవనిత పురావస్తుశాఖకు గౌరవాధ్యక్షురాలై, 1924 లో శాసనమును సిద్ధపరచెను. పంపకపుటాచారము అందులోను ఉండెను. ఊరు నగరమున త్రవ్వకపుఫలము పంచుకొను దినమున ఒక బంగారు ముద్రికకై ఆమెయు, త్రవ్వకపుదొరయు ఒక రూపాయిని ఎగురవేసి పందెము చూచిరి. నాడు ఇరాకులో చెలామణియైనది మన రూపాయియే. అదృష్టము ఇరాకువైపు మొగ్గెను. వేలయేండ్ల నాటి వస్తువు స్వదేశమున నిలుచుటయో సముద్రము దాటుటయో ఒక రూపాయి బొమ్మాబొరుసులపై ఆధారపడిన కాలమది. 1926 లో బాగ్దాదున మ్యూజియము తెరువబడెను. ఆ యేడే ఆమె మరణించెను. 1934 లో సాతి అల్-హుస్రీ అను అరబ్బు విద్వాంసుడు శాఖాధిపతియై, 1936 నాటి క్రొత్త శాసనముతో విదేశీయుల వాటాను బిగించెను. 1966 లో మ్యూజియము విశాలమైన క్రొత్త భవనమునకు మారెను. అందులో చేరిన ప్రతి వస్తువుపైనను ఇరాకు మ్యూజియము గుర్తును, అంకెయును వ్రాయుట నియమమయ్యెను.

ఆ చిన్న అంకె చేయగల మేలు 2003 లో కనబడినది. ఆ యేడు మార్చిలో అమెరికా సేనలు ఇరాకుపై దండెత్తెను. యుద్ధము రాకమునుపే మ్యూజియపు ఉద్యోగులు ప్రదర్శనపు బీరువాలలోని 8,366 వస్తువులను తీసి రహస్యస్థలమున దాచి, ఎవరికిని చెప్పమని ప్రమాణము చేసిరి. ఏప్రిలులో నగరము పడిపోగా 10 వ తేదీ మొదలు మూడు దినములు మ్యూజియము దోపిడికి గురియయ్యెను. రమారమి పదునైదువేల వస్తువులు పోయినవి. కార్యాలయములలోని కాగితములు నేలపాలైనవి. జాతీయ గ్రంథాలయమును ఆ నెలలోనే తగులబడెను. మ్యూజియమును కాచుటకు సేనలు సకాలమున రాలేదని ప్రపంచమంతయు నిందించెను.

తరువాత జరిగినదే గమనింపదగినది. తెచ్చి యిచ్చినవారిని ప్రశ్నింపమని అధికారులు ప్రకటించిరి. మసీదులలో పెద్దలు ప్రజలకు బోధించిరి. వస్తువులు ఒక్కొక్కటిగా రాసాగెను. అయిదువేల యేండ్ల నాటి వార్కా పాత్రను జూను నెలలో ముగ్గురు మనుష్యులు కారులో పెట్టుకొని ముక్కలుగా తెచ్చి యిచ్చిరి. వార్కా వనితయని పేరుగన్న పాలరాతి ముఖము సెప్టెంబరులో ఒక తోటలో పాతిపెట్టబడి దొరకెను. నిమ్రూదు రాణుల బంగారము కేంద్రబ్యాంకు నేలమాళిగలో నీట మునిగియుండియు భద్రముగా బయటపడెను. దేశాంతరములలో సుంకపుటధికారులకు దొరకినవియు కలవు. ఇది మాదియని ఇరాకువారు ఋజువు చేయగలిగినది దేనివలన? అంకెవలన, చీటివలన, ఫొటోవలన. దొంగ చేతిలోని వస్తువు తన యింటిపేరు తాను చెప్పుకొనలేదు; పద్దు దానికి మారుగా చెప్పవలెను.

పద్దులో లేనివాని గతి యేమి? 1990 తరువాత ఇరాకు దారిద్ర్యమున బడగా, 2003 తరువాత మరింతగా, దక్షిణమునందలి ప్రాచీన నగరముల దిబ్బలను రాత్రింబవళ్ళు దొంగలు త్రవ్విరి. అట్లు వచ్చిన పలకలకు ఏ మ్యూజియమునను అంకె లేదు. ఎవరిదైనను కావచ్చును, ఏ కథనైనను కల్పింపవచ్చును. గిల్గమేషు కావ్యములోని స్వప్నఘట్టమున్న ఒక పలకకు అట్లే దొంగ చరిత్రపత్రము పుట్టించి అమెరికాలో అమ్మిరి. ఆ పత్రము అబద్ధమని తేలి, ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని 2021 సెప్టెంబరులో ఇరాకునకు అప్పగించెను. ఆ యేడే పదునేడు వేల వస్తువులు అమెరికానుండి తిరిగి వచ్చినవి. తిరిగి వచ్చినవి కనుక సంతోషమే. కాని ఏ దిబ్బలో, ఏ పొరలో, దేని ప్రక్కన దొరకినదో తెలియని పలక, ఊరు పేరు మరచి ఇల్లు చేరిన మనిషివంటిది.

లెబనానువారి చాతుర్యము మరియొక తీరు. 1975 లో అంతర్యుద్ధము రేగగా బేరూతు జాతీయ మ్యూజియము సరిగా ఇరుపక్షముల సరిహద్దురేఖపై చిక్కుకొనెను. శాఖాధిపతి మారిస్ షెహాబు కాల్పులు ఆగిన వేళలలో చిన్న వస్తువులను నేలమాళిగలో చేర్చి గోడ కట్టించెను. కదల్పరాని రాతి శవపేటికలకును, విగ్రహములకును మొదట ఇసుకబస్తాలు పేర్చి, పిమ్మట చుట్టును కాంక్రీటు పోయించెను. నేలపైనున్న రంగురాళ్ళ చిత్రములపైనను కాంక్రీటు పరపించెను. భవనము సైనికుల మకామై గుండ్లతో తూట్లుపడినను, 1990 లో యుద్ధము ముగిసి ఆ దిమ్మెలు పగులగొట్టగా లోపలి శిల్పములు వెలికివచ్చెను. 1999 లో మ్యూజియము తిరిగి తెరువబడెను. నష్టము లేకపోలేదు. నేలమాళిగలో నీరూరి వస్తువులు చెడినవి. ప్రక్క భాగమున నిప్పంటుకొని పటములు, ఫొటోలు, దాఖలాలు, నలుబది అయిదు పెట్టెల వస్తువులు కాలిపోయెను. రాతిని కాంక్రీటు కాచినది. కాగితమును కాచునది లేకపోయెను. పద్దునకు నకలు ఒకటి వేరొక ఊరిలో ఉండవలెనను నీతి ఇందు గలదు.

ఇన్ని యుద్ధములు కల్లోలములు గల దేశములలో ఆ వస్తువులుండుటకంటె లండనులోనో బెర్లినులోనో ఉండుటయే క్షేమముకాదా యని కొంద రడుగుదురు. ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. 2015 ఫిబ్రవరిలో మోసులు మ్యూజియములోని విగ్రహములను మతోన్మత్తులు సమ్మెటలతో పగులగొట్టిరి. వానిలో కొన్ని బాగ్దాదున భద్రముగానున్న మూలములకు నకళ్ళు మాత్రమే యగుట అదృష్టము, తక్కినవి మూలములే. లెయార్డు తీసికొనిపోయినవి లండనులో చెక్కుచెదరక యున్నమాటయు నిజమే. కాని బెర్లిను కథయు వినదగును. సిరియాలోని తెల్ హలఫు నుండి ఓపెన్‌హైము అను జర్మను జమీందారు తెచ్చుకొన్న మూడువేల యేండ్ల నాటి నల్లరాతి విగ్రహములు బెర్లినులో ఆయన 1930 లో తెరచిన మ్యూజియమున నుండెను. 1943 నవంబరులో బాంబుపడి భవనము మండెను. కాలిన రాతిపై మంటలార్పు చన్నీరు పడగానే విగ్రహములు తుత్తునియలయ్యెను. ఇరువదియేడువేల ముక్కలు! 2001 నుండి దాదాపు పదియేండ్లు వానిని కూర్చి అతికి నిలిపిరి. అది సాధ్యమగుటకు తోడ్పడినవానిలో ఓపెన్‌హైము పూర్వము తీయించిన ఫొటోలు ముఖ్యములు. కనుక భూమిపై సర్వకాలములందును క్షేమమైన చోటు లేదు. నేటి శాంతిక్షేత్రము రేపటి రణరంగము కావచ్చును. తిరిగి నిలుపుటకు ఆధారముగా మిగులునది వ్రాతయే.

వ్రాతవలెనే నిలిచిన మనుష్యులును కలరు. సిరియా ఎడారిలోని పాల్మైరా ప్రాచీననగరమునకు ఖాలిద్ అల్-అసాద్ 1963 నుండి 2003 వరకు నలుబది యేండ్లు పురావస్తు పాలకుడుగా నుండెను. అక్కడి శాసనములు చదువుటలో ఆయన ప్రవీణుడు. 2015 మే నెలలో ఉన్మాదుల సేన వచ్చులోపల మ్యూజియములోని వందలకొలది వస్తువులను డమాస్కసునకు తరలించిరి. ఎనుబది దాటిన ఆ వృద్ధుడు ఊరు విడువలేదు. ఆయనను పట్టుకొని, దాచిన నిధు లెక్కడయని నెలకు పైగా హింసించిరి. ఆయన చెప్పలేదు. ఆగస్టు 18 వ తేదీన ఆయనను చంపివేసిరి. వస్తువుల జాడ తెలుపు జాబితా ఒకరి గుండెలో నుండి, ప్రాణము పోయినను పెదవి దాటని సందర్భ మది.

ఒక దేశపు పురావస్తు సంపద రాజు దానము చేయదగినది కాదనియు, రూపాయి ఎగురవేసి పంచుకొనదగినది కాదనియు అరబ్బు దేశములు నిర్ణయించుకొనుటకు నూరేండ్లు పట్టెను. శాసనములు బిగించుకొన్నను దోపిడి ఆగలేదు. అయినను 1835 నాటి కైరోకును 2003 నాటి బాగ్దాదుకును గల భేదము గొప్పది. మొదటిచోట ఇచ్చివేసిన దానిని తిరిగి అడుగుటకు ఎవరికిని ఆధారము లేకపోయెను. రెండవచోట దొంగిలింపబడినది పదునెనిమిది యేండ్ల తరువాతనైనను ఇల్లు చేరుచున్నది.

ఇంత పెద్ద సంగతులు చిన్న ఊళ్ళకేల యనరాదు. గ్రామ గ్రంథాలయమున ప్రతి పుస్తకముపైనను ముద్రయు, అంకెయు, చేరిక పుస్తకమున పంక్తియు నుండుట నినెవె నాటి మర్యాదయే. తాతలనాటి తాటాకు కట్టలు, గుడిగోడపై శాసనములు, చెరువుగట్టున ఒరిగిన వీరగల్లులు, ఇవి యెన్ని యున్నవి, ఎక్కడ నున్నవి అని ఊరి పెద్దలు ఒక పుస్తకమున వ్రాసి, ఫొటోలు తీయించి, నకలొకటి వేరొకచోట నుంచినచో, అందులకయ్యెడి ఖర్చు స్వల్పము. కాపలాదారుని పెట్టుకొనగల శక్తి ప్రతి గ్రామమునకును లేకపోవచ్చును. పద్దు వ్రాసికొనగల శక్తి ఏ గ్రామమునకైనను కలదు.